వదులు ముడి

మర్కూక్ ఊరు దాటాక, కొండపోచమ్మ సాగర్ జలాశయం కట్ట కనిపించే దారి పక్కన ఒక మక్క చెలక ఉంది. దాని నడుమ నిలబెట్టిన దిష్టిబొమ్మ మోచేతి దగ్గర సుతిలితో వేసిన ముడి ఒకటి ఉంది. దూరం నుంచి అది కనపడదు. సాళ్ల మధ్య నడిచి, మక్క ఆకుల అంచులు చేతుల మీద గీరుతున్నా ఓర్చుకుని, దగ్గరికి వెళ్తేనే కనపడుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో సగం వేసి మరిచిపోయిన ముడి అనుకున్నాను. కర్ర చుట్టూ రెండు చుట్లు తిరిగి, రెండు వేళ్లు దూరేంత సందు వదిలి, ఆ తరువాత గట్టిగా బిగిసి ఉంది. ఆ సందులోనే ముంజేయి ఊగుతోంది. బొమ్మను కట్టిన పెద్దాయనను అడిగాను.

"తాతా, ఇది ఊడిపోతది గదా?"

"ఊడది బిడ్డా. అది వదులుగనే ఉండాలె. బిగిస్తే కట్టె అయితది, వదిలితే చెయ్యి అయితది."

దిష్టిబొమ్మ అనే మాట పత్రికల్లో ఎక్కువగా దహనాల వార్తల్లోనే కనపడుతుంది. కూడలిలో తగలబెట్టే బొమ్మ పావుగంట నిలిస్తే చాలు. కాబట్టి దాన్ని కట్టేవాళ్లు ముళ్ల గురించి ఆలోచించనక్కర్లేదు. చేనులో బొమ్మ పని పూర్తిగా వేరు. రెండు మూడు నెలలు ఎండకు ఎండి, వానకు తడిసి, గాలికి ఊగి కూడా విరగకూడదు. ఊరికే నిలబడితే చాలదు, కదలాలి. ఆ కదలిక పిట్ట కంటికి మనిషి కదలికలా ఉండాలి. ఇంట్లో మూలన పడ్డ వస్తువులతోనే, పైసా ఖర్చు లేకుండా, ఒక్క పూటలో తయారవాలి. ఇన్ని షరతులు ఒకేసారి తీర్చే పనిని నేను చిన్న పని అనలేను.

కట్టడం గుంజ దగ్గర మొదలవుతుంది. ఈ చెలకలో గుంజ తుమ్మకర్ర. గడ్డపారతో మూరన్నర లోతు గుంత తవ్వి, కర్రను దించి, చుట్టూ రాళ్లు కూరి, ఆ రాళ్ల సందుల్లో మన్ను పోసి గడ్డపార మొద్దు వైపుతో దట్టించారు. మన్ను ఒక్కటే పోస్తే మొదటి పెద్ద వానకు మెత్తబడి గుంజ ఒరుగుతుంది. రాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని కర్రను పట్టుకుంటాయి కాబట్టి మన్ను కరిగినా పట్టు కరగదు.

అయితే గుంజ ఎత్తు దగ్గర ఒక చిక్కు ఉంది. మక్కకు పిట్టల బెడద రెండుసార్లు వస్తుంది. మొదటిది మొలక దశలో. అప్పుడు కాకులు, పావురాలు, నెమళ్లు లేత మొలకను పీకి అడుగున ఉన్న గింజను తింటాయి. రెండోది కంకిలో పాలు పోసుకున్నప్పుడు. అప్పుడు రామచిలుకలు గుంపుగా దిగి, కంకి కొన దగ్గర పొట్టు చీల్చి, నాలుగు గింజలు కొరికి ఇంకో కంకి మీదికి పోతాయి. తిన్నదాని కంటే పాడుచేసిందే ఎక్కువ. మొలక దశలో పైరు బెత్తెడు ఉంటే, కంకి దశలో మనిషిని మించిపోతుంది. ఒకే బొమ్మ రెండు దశల్లోనూ పైరు మీద నడుము దాకా కనపడాలంటే అది పైరుతో పాటు పెరగాలి.

పెద్దాయన బొమ్మ నిజంగానే పెరుగుతుంది. దానికి గుంజ ఒకటి కాదు, రెండు. నేలలో పాతిన తుమ్మగుంజ కదలదు. బొమ్మ ఉన్నది దాని పక్కన ఆనించి కట్టిన వెదురు కంకబొంగు మీద. ఈ రెండింటినీ కలిపే కట్లు రెండు, ఒకదానికొకటి మూరెడు ఎడంలో. ఒక్క కట్టే అయితే కంకబొంగు ఆ కట్టు మీద తరాజు కాడలా అటూ ఇటూ తూగేది. రెండో కట్టు ఆ తూగును ఆపుతుంది. పైరు ఎదిగినప్పుడల్లా రెండు కట్లూ విప్పి, కంకను పైకి జరిపి, మళ్లీ బిగిస్తారు. 100 నుంచి 110 రోజుల పంటలో మూడుసార్లు జరిపితే సరిపోతుందట. జెండాను ఎగరేసినట్టు బొమ్మను ఎగరేస్తున్నారన్న మాట.

ఆ కట్లకు వాడింది తాడు కాదు, పాత సైకిల్ ట్యూబు. ట్యూబును కత్తెరతో పొడుగ్గా, బొటనవేలి వెడల్పు పట్టీలుగా కోస్తారు. పట్టీని సాగదీస్తూ కర్రల చుట్టూ తిప్పుతారు. సాగిన రబ్బరు వెనక్కి రావాలని చూస్తుంది కాబట్టి ప్రతి చుట్టూ దాని ముందు చుట్టు మీద ఒత్తిడి పెంచుతుంది. పది చుట్లు వేసేసరికి ఆ పట్టు మనిషి చేతితో తాడును ఎంత బిగించినా రాదు. కర్ర ఎండి కాస్త సన్నబడినా రబ్బరు తానూ కాస్త కుదించుకుని పట్టు నిలుపుకుంటుంది. తాడుకు ఆ గుణం లేదు. ఈ బొమ్మలో బిగిసి ఉండాల్సిన చోటల్లా రబ్బరు, వదులుగా ఉండాల్సిన చోటల్లా సుతిలి. ఈ ఒక్క నియమం తెలిస్తే బొమ్మ మొత్తం చదువుకోవచ్చు.

భుజాలు అడ్డకర్ర. దీన్ని గుండ్రని బొంగుతో కాకుండా నిలువునా చీల్చిన కంక బద్దతో చేశారు. బద్ద పచ్చని చర్మం వైపు పైకి ఉంది, తెల్లని లోపలి వైపు కిందికి. నేను కారణం అడిగితే పెద్దాయన "గట్లనే పెట్టాలె" అన్నాడు తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఇంటికి వచ్చి ఆలోచిస్తే అర్థమైంది. నడుమ పట్టుకుని రెండు కొసలా బరువు వేలాడదీసిన బద్దలో పైభాగం సాగుతుంది, కిందిభాగం నలుగుతుంది. వెదురులో నారలు చర్మం దగ్గరే దట్టంగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. సాగే వైపున దట్టమైన నారలు ఉండాలి. తిరగేసి కడితే గాలి ఎక్కువైన రోజు లోపలి వైపు చిట్లి భుజం విరిగేది. ఇంజనీరింగ్ కళాశాలలో దూలం మీద భారాల పాఠంలో చెప్పేది ఇదే. పెద్దాయన చేతికి ఆ పాఠం ఎప్పటినుంచో తెలుసు.

అడ్డకర్ర, నిలువు బొంగు కలిసే చోట ట్యూబు పట్టీని ముందు ఒక మూల నుంచి ఎదురుమూలకు, తరువాత రెండో మూల నుంచి దాని ఎదురుమూలకు తిప్పారు. ఆఖరున కర్రల చుట్టూ కాకుండా, రెండు కర్రల మధ్య సందులోంచి, ముందు వేసిన చుట్ల నడుముకు బిగుస్తూ నాలుగు చుట్లు. అసలు పట్టు ఈ చివరి నాలుగు చుట్లదే. ఏటవాలు చుట్లను అవి మెడ పట్టుకున్నట్టు నొక్కుతాయి. బొమ్మ ఎంత ఊగినా ఈ కీలు దగ్గర కర్ర కర్రను రుద్దుకోదు. రుద్దుకుంటే అరుగుతుంది, అరిగితే వదులవుతుంది.

ఇక మోచేతులు. అడ్డకర్ర రెండు కొసల నుంచీ ముంజేతి పుల్లలు సుతిలి ఉచ్చుల్లో వేలాడుతున్నాయి. నేను మొదట చూసిన ముడి ఇక్కడిదే. జాగ్రత్తగా చూస్తే ఇంకో సంగతి ఉంది: ఎడమ ముంజేయి కుడిదాని కంటే జానెడు పొట్టి. పుల్ల దొరక్క అలా పెట్టారనుకున్నాను.

"దొరకక కాదు. రెండు చేతులు ఒక్కతీరుగ ఊగినయనుకో, పిట్టకు రెండు రోజులల్ల తెలిసిపోతది. మనిషి అట్ల ఊగడు గదా."

వేలాడే పుల్ల లోలకమే. పొడుగు లోలకం నెమ్మదిగా ఊగుతుంది, పొట్టిది వడిగా ఊగుతుంది. రెండు చేతుల పొడవులు వేరైతే రెండింటి ఊపూ ఒక్కసారి కలిసి, మరుక్షణం విడిపోతుంది. ఎప్పుడు కలుస్తాయో, ఎప్పుడు విడిపోతాయో చూసేవాళ్లు ముందుగా పట్టుకోలేరు. జానెడు పుల్ల తగ్గించి పెద్దాయన సంపాదించింది అది.

ఈ మాట విన్నప్పుడు నాకు మా మేనల్లుడి దయ్యం గుర్తొచ్చింది. వాడు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటాడు. అక్టోబరు 31న అక్కడ హాలోవీన్. ఆ రాత్రికి ఇంటి ముందు పచ్చికలో సమాధిరాళ్లు, అస్థిపంజరాలు, సాలెగూళ్లు పెడతారు. చాలామంది కొనుక్కుంటారు. కొందరు మాత్రం నెలల ముందు నుంచీ గ్యారేజీలో కూర్చుని సొంతంగా చేసుకుంటారు. పిల్లలు పుట్టాక మా వాడు ఆ రెండో జట్టులో చేరాడు. నీళ్ల గొట్టాలను కోసి ఎముకల చట్రం చేయడం, పాత దినపత్రికలను గంజిలో ముంచి పొరలు పొరలుగా అంటించి ముఖాలు తయారుచేయడం, గోడలకు పూసే లప్పంలో రంగు కలిపి, అందులో గుడ్డ ముంచి కప్పి, గట్టిపడ్డాక రాతి విగ్రహం ముసుగులా కనపడేట్టు చేయడం అన్నీ నేర్చుకున్నాడు. నాకు అన్నిటికంటే నచ్చింది వాడి ఎగిరే దయ్యం. అక్కడ ఇళ్లలో బొమ్మలు చేసుకునేవాళ్లందరికీ తెలిసిన పాత ఏర్పాటే అది. కానీ దాని లోపలి పనితనం చూస్తే మనసు నిండిపోతుంది.

పైన కొమ్మకో చూరుకో ఒక చట్రం. దాని మీద కారు అద్దాలు తుడిచే వైపర్ మోటారు. ఆ మోటారునే ఎందుకు వాడతారంటే, దాని ఇరుసు మీద మరలాంటి పన్నుతో వార్మ్ గేరు ఉంటుంది. ఇరుసు ఒక చుట్టు తిరిగితే పెద్ద చక్రం ఒక్క పన్ను మాత్రమే జరుగుతుంది. వేగం తగ్గి బలం పెరుగుతుంది. 12 వోల్టుల ఆ మోటారుకు 5 వోల్టులే ఇస్తే ఇంకా నెమ్మదిస్తుంది. దయ్యాలకు తొందర పనికిరాదు. మోటారు తిప్పే చిన్న చేయి కొసకు మూడు సన్నని దారాలు కడతారు, చేపలు పట్టే నైలాన్ దారాలు. మూడూ ఒకే కొస నుంచి బయలుదేరి, చట్రంలో మూడు వేర్వేరు చోట్ల బిగించిన కొక్కేల గుండా కిందికి దిగుతాయి. నడిమి దారం తలకు, పక్కవి రెండూ చేతులకు. కొస గుండ్రంగా తిరుగుతున్నప్పుడు అది ఒక కొక్కేనికి దూరమైతే ఆ దారం పైకి లాగుతుంది, ఇంకో కొక్కేనికి దగ్గరైతే ఆ దారం కిందికి వదులుతుంది. అందువల్ల ఒక చేయి లేచేటప్పుడు తల ఇంకా మధ్యలోనే ఉంటుంది, రెండో చేయి దిగుతూ ఉంటుంది. ఒకటే మోటారు, ఒకటే చుట్టు, కానీ మూడు అవయవాలు మూడు వేళల్లో కదులుతాయి. పలచని తెల్లని గుడ్డ కప్పి అతినీలలోహిత దీపం వేస్తే, కింద నిలబడ్డ పిల్లలకు నీటిలో తేలినట్టు గాలిలో ఈదే రూపం కనపడుతుంది.

మర్కూక్ బొమ్మ వీడియో పంపితే వాడు రాత్రికి ఫోన్ చేశాడు. "మామా, ఆ తాత మోటారు లేకుండానే చేసేసిండు!" అన్నాడు. నిజమే. డల్లాస్‌లో మూడు కొక్కేలు చేసే పని ఇక్కడ ఒక జానెడు తేడా చేస్తోంది. చేతులు కలిసి కదలకపోతేనే ప్రాణం ఉన్నట్టుంటుందని ఒకరికొకరు తెలియని ఇద్దరు చేతిపనివాళ్లు కనుక్కున్నారు. ఇక్కడ మోటారు గాలి. కొండపోచమ్మ సాగర్ సముద్రమట్టానికి 618 మీటర్ల ఎత్తున ఉంది. చుట్టుపక్కల చెలకలు విశాలంగా, చెట్లు దూరదూరంగా ఉంటాయి. గాలికి అడ్డు లేదు. వానకాలంలో గాలి పడమటి నుంచి, నైరుతి నుంచి వస్తుంది. యాసంగిలో తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి. పెద్దాయన బొమ్మ చేతులు ఉత్తర దక్షిణాలుగా చాచి ఉన్నాయి. ఏ కాలంలో అయినా గాలి బొమ్మను ఎదురుగానో వెనకనుంచో కొడుతుంది తప్ప పక్క నుంచి జారిపోదు.

గాలిని పట్టేది అంగి. ఇక్కడ కూడా ఎక్కడ మూయాలి, ఎక్కడ వదలాలి అన్నదే ప్రశ్న. ఛాతీ భాగంలో గోనె సంచి, దానిలో వరిగడ్డి. గడ్డిని ఉండలుగా కూరలేదు. పిడికెడు పిడికెడు కట్టలుగా, వెన్నులు తెగిన కొసలు కిందికి ఉండేట్టు నిలువుగా పేర్చారు. గుడిసె కప్పు మీద గడ్డి పరిచే పద్ధతే ఇది. పడిన వాన పరకల వెంట కిందికి జారిపోతుంది. సంచి అడుగు కుట్టకుండా వదిలారు, లోపల చేరిన నీళ్లు కారిపోయి గడ్డి మళ్లీ ఆరుతుంది. మూసి ఉంచితే నీరు నిలిచి బరువెక్కి భుజం బద్దను వంచేస్తుంది, లోపల కుళ్లుతుంది. చేతుల్లో మాత్రం గడ్డి ఒక్క పరక కూడా లేదు. ఆ మాటే నేను అడిగాను, చేతులు బక్కగా ఉన్నాయి కదా అని. "నిండుగ కూరితే చెయ్యి మోటుగైతది, గాలికి లేవది" అని జవాబు. అంగి చేతుల మణికట్ల దగ్గర కట్టలేదు. చంకల దగ్గర కుట్టు విప్పేశారు. గాలి చంక సందులోంచి దూరి, చేతిగుడ్డను ఉబ్బించి, మణికట్టులోంచి బయటపడుతుంది. రెండు కొసలూ కట్టిన గుడ్డ సంచి అవుతుంది, ఉబ్బి ఊరుకుంటుంది. ఒక కొస వదిలిన గుడ్డ జెండా అవుతుంది, కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ టపటప చప్పుడు కూడా బొమ్మ పనిలో భాగమే.

తల గురించి నేను ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే నా దృష్టిలో బొమ్మ మొత్తంలో అందమైన పని అదే. తల పాత మట్టికుండ. కట్టెల పొయ్యి మీద ఏళ్లకేళ్లు అన్నం వండిన కుండ, అడుగంతా మసి. దాన్ని బోర్లించి కంకబొంగు కొన మీద పెట్టారు. మసిపట్టిన అడుగు నెత్తి అయింది, పక్కభాగం ముఖం అయింది. ముఖం మీద సున్నంతో రెండు గుండ్రని కళ్లు, కింద ఒక గీత, చుట్టూ చుక్కలు. అంతే. మసి సామాన్యమైన నలుపు కాదు. మెరుపు లేని నలుపు. ఎండ ఎంత పడినా తళుక్కుమనదు కాబట్టి తెల్లచుక్కలు ఏ వైపు నుంచి చూసినా అంతే తెల్లగా ఉంటాయి. మంట, పొగ ఏళ్ల తరబడి కుండ రంధ్రాల్లోకి ఎక్కించిన ఆ నలుపు వానకు పోదు. తెలుపు కూడా పోదు. తడిపిన సున్నం ఆరుతున్నప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. ఆ కళ్లు గీసిన రోజు పేస్టు, వారానికి పలచని రాయి. ఏ రంగు డబ్బా కొన్నా ఇంతకంటే నిలకడగా ఉండదని నా నమ్మకం.

కుండను బొంగుకు కట్టలేదు. బొంగు కొనకు పాత రుమాలు గుడ్డ చుట్టి, దాని మీద కుండ అడుగు లోపలి వైపు ఆనేట్టు వదిలేశారు. గుడ్డ లేకపోతే బొంగు మొన ఒకేచోట గుచ్చుకుని కుండ పగులుతుంది. గుడ్డ ఆ బరువును పరచి ఇస్తుంది, మెత్తని కీలులా కూడా పనిచేస్తుంది. గాలి వచ్చినప్పుడు కుండ కాస్త తిరుగుతుంది, కాస్త వంగుతుంది. ఎగిరిపడకుండా మూతి అంచు కింద నుంచి సుతిలి ఒకటి, మళ్లీ వదులుగానే. బొమ్మ తల తిప్పి చూస్తుంది. అంత సేపూ ఇది ఎలా పనిచేస్తుందో వరుసగా చూసుకుంటూ వచ్చిన నాకు కూడా, ఆ కళ్లు ఒకసారి నా వైపు తిరిగినప్పుడు ఒళ్లు జలదరించింది. ఎందుకు తిరిగిందో పూర్తిగా తెలిసి కూడా.

కళ్లు ఎందుకు? పిట్టలు కళ్లను గమనిస్తాయి. వేటాడే జంతువుల్లో చాలావాటికి కళ్లు రెండూ ముందుకే ఉంటాయి. తమవైపే తిరిగి ఉన్న జంట కళ్లు చాలా పక్షులకు ప్రమాద సూచన. ముఖాల సంగతి అంతకంటే లోతైనది. అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2006లో ఆదిమానవుడి రబ్బరు ముసుగు వేసుకుని కొన్ని కాకులను పట్టి, వాటి కాళ్లకు గుర్తులు వేసి వదిలారు. తరువాత ఆ ముసుగు వేసుకుని ఎవరు నడిచినా కాకులు గుమిగూడి అరిచాయి. వేరే ముసుగు వేసుకుంటే పట్టించుకోలేదు. ఏళ్లు గడిచినా మరిచిపోలేదు, పట్టుబడని కాకులు కూడా నేర్చుకున్నాయి. అక్కడి కాకి జాతి మన ఊరకాకి కాదు, కానీ తెలివిలో మన కాకిని తక్కువగా చూసే రైతు ఎవరూ ఉండడు. పెద్దాయన అప్పుడప్పుడూ బొమ్మ అంగి విప్పి తాను తొడుక్కుని, అదే చోట కాసేపు నిలబడి, పిట్టలు దిగగానే ఒడిసెల తిప్పుతాడట. ఆ అంగి తొడుక్కున్నది ఒక్కోసారి నిజంగా రాయి విసురుతుందని పిట్టలకు గుర్తుండాలి. సియాటిల్ వాళ్లు చాలా ఏళ్ల పాటు పరీక్షించి తేల్చిన దాన్ని ఆయన తన పొలానికి సరిపడా ఎప్పుడో తేల్చుకున్నాడు.

ఇప్పుడు ఊళ్లలో మసికుండ దొరకడం కష్టం. వంట గ్యాస్ మీదికి మారింది, కుండ స్టీలు గిన్నె అయింది. చాలా చేలల్లో తల రంగుల బకెట్టు, లేదా పగిలిన హెల్మెట్. వాటికీ ఒక నేర్పు ఉంది. తెల్ల బకెట్టు మీద ఏమి గీయాలన్నా నలుపే కావాలి. వాడేసిన ఇంజను ఆయిల్‌లో బొగ్గుపొడి కలిపి వేలితో గీస్తారు. పని జరుగుతుంది. కానీ ప్లాస్టిక్ తేలిక, తల ఊరికే వణుకుతుంది. కుండ బరువులో ఉన్న నిదానం దానికి రాదు.

బొమ్మకు నాలుగడుగుల దూరంలో దాని తోడు ఉంది, గాలిపంకా. పాత సైకిల్ చక్రపు నడిమి బొద్దును ఒక గుంజ మీద అడ్డంగా బిగించి, నూనె డబ్బా రేకును కోసి నాలుగు రెక్కలు చేశారు. రెక్కలు కొంచెం మెలి తిప్పి ఉన్నాయి, లేకపోతే గాలి వాటిని వెనక్కి నెడుతుంది తప్ప తిప్పదు. బొద్దులో గుండ్లు ఉన్నాయి కాబట్టి చిన్న గాలికే తిరుగుతుంది. ఇరుసు వెనక కొసకు జానెడు గొలుసు, గొలుసు చివర నట్టు. తిరిగే ఇరుసు గొలుసును విసిరితే నట్టు అక్కడ కట్టిన స్టీలు పళ్లేన్ని తాకి మోగిస్తుంది. నట్టును నేరుగా రెక్కకు బిగిస్తే పళ్లెం దగ్గర అడ్డుపడి పంకా ఆగిపోయేది. గొలుసు వంగుతుంది, తాకి పక్కకు జారిపోతుంది, పంకా సాగిపోతుంది. ఇక్కడ కూడా ఆ మోచేతి ముడే ఉంది, ఇనుములో.

గెట్టు వెంట రెండు గుంజల మధ్య పాత క్యాసెట్ రీలు కట్టి ఉంది. దాన్ని చాపలా పరచకుండా రెండు మూడు మెలికలు తిప్పి కట్టారు. మెలిక వల్ల ఎండలో ఒకచోట తళుక్కు, పక్కన నలుపు, ఆ తళుకు గాలికి పాములా పాకుతుంది. రీలు గాలికి వణికి ఝుమ్మని పాడుతుంది. ఇదే సూత్రం మీద ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు వెండి మెరుపు ఉన్న రిబ్బన్లు పిట్టల కోసమే తయారై అమ్ముడుపోతున్నాయి. వాటినీ మెలితిప్పే కట్టాలి. క్యాసెట్లు అయిపోయిన కాలంలో ఆ రిబ్బన్లు మంచి తోడు.

రాత్రి పందుల సంగతి వేరు. అడవిపందికి చూపు కంటే ముక్కు బలం ఎక్కువ, బొమ్మ ముఖాన్ని అది లెక్కచేయదు. అందుకే చెలక చుట్టూ పాత చీరలు. రంగురంగుల చీరలు వరసగా కట్టిన చేలు ఈ ప్రాంతంలో దారి పొడవునా కనపడతాయి. చీర కట్టడం ఇంట్లో ఆడవాళ్ల పని. పై అంచును గుంజ నుంచి గుంజకు నడుము ఎత్తున తీగలా లాగి కడతారు. కింది అంచును వదిలేస్తారు, నేలకు బెత్తెడు పైన ఊగుతూ ఉంటుంది. పందికి అటు పక్క ఏముందో కనపడదు, చీరలో మనిషి వాసన, అడుగున గుడ్డ కదలిక. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పందుల బెడదకు రైతులు వాడే పద్ధతులను నమోదుచేసినప్పుడు, వెంట్రుకలు చల్లడంతో పాటు ఈ పాత చీరలను కూడా లెక్కలోకి తీసుకున్నారు. కరెంటు తీగ పెట్టి మనుషుల ప్రాణాలు పోయిన ఊళ్ల గురించి విన్నవాళ్లకు చీర విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత చేసినా బొమ్మను ఒకేచోట ఉంచితే పిట్టలకు అలవాటైపోతుంది. వారానికే బొమ్మ భుజం మీద కాకి వాలిన చేలు నేను చూశాను. అందుకే ఈ చెలకలో తుమ్మగుంజలు మూడుచోట్ల ముందే పాతి ఉన్నాయి. రెండు ట్యూబు కట్లు విప్పితే బొమ్మ కంకబొంగుతో సహా ఊడి వస్తుంది, ఇంకో గుంజకు కడితే అయిపోతుంది. మార్చడం తెల్లవారకముందే, చిలుకలు లేవకముందే జరగాలి. ఎత్తు పెంచడానికి పెట్టిన ఏర్పాటే చోటు మార్చడానికీ పనికొస్తోంది. మొదటి నుంచీ రెండింటినీ మనసులో పెట్టుకునే అలా కట్టారా అని అడిగితే పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు.

బొమ్మ చూసుకోవాల్సిన కన్ను ఇంకోటి ఉంది, అది దారిన పోయే మనిషిది. దాని పేరులో ఉన్న దిష్టి ఆ చూపే. ఏపుగా ఎదిగిన చేనును చూడబోయిన కన్ను ముందు బొమ్మ మీద పడాలని నమ్మకం. 2018లో నెల్లూరు జిల్లాలో ఒక రైతు తన చేను దగ్గర సినిమా నటి ఫ్లెక్సీ పెట్టింది కూడా చూపును మళ్లించడానికే. మర్కూక్‌లో ఇంటి గుమ్మానికి వేలాడే బూడిద గుమ్మడికాయ చేసేదీ ఇదే పని. హాలోవీన్‌కు ఐర్లండ్ వాళ్లు టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవారు. అమెరికా వెళ్లాక పెద్దదీ మెత్తనిదీ అయిన గుమ్మడి దొరికి దాన్ని తొలిచారు. మనం తొలవం. తొలిస్తే నాలుగు రోజుల్లో కుళ్లుతుంది, మనది నెలల తరబడి వేలాడాలి. బూడిద గుమ్మడి మీది తెల్లని పూత మైనం లాంటిది, లోపలి తేమను బయటికి పోనివ్వదు. అందుకే దాన్ని రుద్ది కడగకుండా, ఉట్టిలా అల్లిన తాడులో తొడిమె పైకి ఉండేట్టు కూర్చోబెడతారు.

నేను రెండోసారి వెళ్లినప్పుడు మక్కలు విరిచేశారు. బొమ్మను విప్పుతున్నారు. కట్టినదానికి తిరగేసిన వరసలో, తొందర లేకుండా. ముందు కుండ దించి, రుమాలు గుడ్డతో తుడిచి, గెట్టు మీద బోర్లించారు. అంగి దులిపి మడతపెట్టారు. సంచిలోని గడ్డి ఇంకా పసుపుగానే ఉంది, అడుగున రెండు కట్టలు మాత్రం నల్లబడ్డాయి. మంచి గడ్డి ఎద్దుల ముందు పడింది, నల్లది పెంటకుప్ప మీద. కంకబొంగు టమాట మొక్కలకు ఊతం కావాలని పెద్దాయన మనవడు పక్కన పెట్టాడు. ట్యూబు పట్టీలు చుట్ట చుట్టి జేబులోకి వెళ్లాయి.

చివరికి ముంజేతులు మిగిలాయి. సుతిలి ఉచ్చులో మూడు నెలలు ఊగిన పుల్ల, ఉచ్చు ఆనిన చోట, చుట్టూ నున్నగా అరిగి ఉంది. పెద్దాయన దాని మీద బొటనవేలు పెట్టి ఒకసారి తిప్పి చూశాడు.

"గిది మల్ల యాసంగికి ఎక్కుతది" అని చూరులో దోపాడు.

ముడి విప్పలేదు.